నాలుగో గీత

మా ఆసుపత్రి లాండ్రీలో ఆ పిల్లను అందరూ ఉడత అంటారు. తడి దుప్పట్ల బండి తోసుకుంటూ ఇక్కడ కనిపిస్తుంది, మనం తల తిప్పేలోగా అక్కడ తేలుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండాయి. నోట్లో నాలుక లేని పిల్ల. ఇస్త్రీ బల్ల దగ్గరుండే నాకేమో నోరు ఊరుకోదు. మాటలన్నీ నావి, ఊ కొట్టడం తనది. అలా ఇద్దరికీ బాగానే కుదిరింది.

తల్లి లేదు. తండ్రి లారీ డ్రైవరు. ఆయన ఇంటికొచ్చేసరికి ఈ పిల్ల డ్యూటీలో ఉంటుంది, ఈ పిల్ల వెళ్ళేసరికి ఆయన రోడ్డెక్కి ఉంటాడు. గిన్నెలో కూర తగ్గితే నాన్న వచ్చి వెళ్ళాడని తెలుసుకునేది. ఈమె ఆయన ఉతికిన చొక్కాలు మడిచి మంచం మీద పెడితే, ఆయన విడిచిన చొక్కాలు బకెట్లో వేసి వెళ్ళేవాడు. వాళ్ళిద్దరి కబుర్లూ అంతే. పోట్లాట ఉన్నా బాగుండేది, కనీసం ఇంట్లో మనుషుల గొంతు వినబడేది.

పొద్దున్నే గోదాముల వెనక రోడ్డు మీద ఒక్కతే పరిగెత్తేది.

"నువ్వూ రా అక్కా" అని ఒకసారి అడిగింది.

"నేను పరిగెత్తేది బస్సు వెళ్ళిపోతుంటేనే" అన్నాను.

నవ్వింది. మళ్ళీ అడగలేదు.

పరుగుల అకాడమీ వాళ్ళు ఎనిమిది వందల మీటర్ల పందెం పెడుతున్నారనీ, మొదటి ఇద్దరినీ హాస్టల్లో చేర్చుకుంటారనీ క్యాంటీన్‌లో ఎవరో అంటుంటే విని, ఆ కబురు మోసుకొచ్చింది నేనే. పేరు ఇచ్చి వచ్చాక అడిగాను, "చేరితే ఏమొస్తుందే? ఉద్యోగమా?"

"అదేమో తెలీదక్కా. అక్కడ పొద్దున్నే అందరూ కలిసి పరిగెత్తుతారట."

అంతకుమించి ఆ పిల్ల ఏదీ కోరుకోగా నేను వినలేదు. పందెం రోజున సెలవు పెట్టి తోడు వెళ్ళాను.

మైదానంలో తక్కిన అమ్మాయిలందరి పక్కనా ఒక్కో కోచ్ నిలబడి చెవిలో ఏదో చెబుతున్నారు. ఉడత మాత్రం విడిగా కూర్చుని, బాగానే ఉన్న బూటు తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంటోంది. తన సంచీ ఒళ్ళో పెట్టుకుని నేను పైన మెట్ల మీద కూర్చున్నాను.

తుపాకీ పేలింది. గీతల మధ్య ఎవరి దారిలో వాళ్ళు మొదటి వంపు తిరిగారు. అక్కడొక చిన్న జెండా ఉంది. అది దాటగానే అమ్మాయిలందరూ బస్సు తలుపు దగ్గర జనంలా లోపలి అంచుకు ఎగబడ్డారు. ఉడత ఒక్కతే తన నాలుగో గీత వెంబడి ఉండిపోయింది.

"చూశారా, మా పిల్లకి విడిగా దారి ఇచ్చారు!" అని పక్కనున్న పెద్దాయనతో గొప్పలు పోయాను.

ఆయన నన్ను అదోలా చూశాడు. "ఇవ్వడమేంటమ్మా? జెండా దాటాక ఎవరైనా లోపలికి రావచ్చు. బయట వంపు పొడుగు. ఆ అమ్మాయి ఊరికే ఎక్కువ దూరం పరిగెత్తుతోంది."

లేచి నిలబడి "లోపలికి రావే!" అని అరిచాను. అంత గోలలో నా మాట ఎవరికి వినబడుతుంది? చివరి చుట్టు గంట మోగింది. గుంపంతా లోపల ఒకరినొకరు రాసుకుంటూ పోతుంటే, ఈ పిల్ల బయట ఒంటరిగా, గీత తొక్కకుండా, ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చింది. వెంట్రుకవాసి తేడాతో మూడోది అయింది.

సంచీ పట్టుకుని కిందికి పరిగెత్తాను. అకాడమీ కోచ్ అప్పటికే అడుగుతోంది, "లోపలికెందుకు రాలేదమ్మా?"

"గీత దాటితే పందెంలోంచి తీసేస్తారని బళ్ళో చెప్పారు మేడమ్."

"అది ఒక్క చుట్టు పందేలకి. ఇందులో అలా కాదు. అందరికీ తెలిసిందే కదా!"

నాకు ఒళ్ళు మండింది. "తెలియని పిల్ల ఒకతి ఉంటే చెప్పడానికి మీకు నోరు రాలేదా?" అన్నాను.

ఆవిడ నా మీద కోప్పడలేదు. "లోపల పరిగెత్తి ఉంటే గెలిచేదే" అంది నెమ్మదిగా. "కానీ సీట్లు రెండే. నా చేతుల్లో లేదు."

ఉడత ఏడవలేదు. ఏడ్చినా బాగుండును. "లోపలికొస్తే వాళ్ళు చోటిచ్చేవాళ్ళా మేడమ్?" అని అడిగింది.

"ఎవరూ ఇవ్వరమ్మా. మనమే దూరిపోవాలి" అని చెప్పి, ఎవరో పిలిస్తే కోచ్ వెళ్ళింది.

కాస్త దూరంలో పరిగెత్తిన అమ్మాయిలందరూ గడ్డి మీద ఒకరి మీద ఒకరు పడి రొప్పుతూ నవ్వుతున్నారు. వాళ్ళలో గెలిచిన అమ్మాయి మావైపు చూసి, కాళ్ళు ముడుచుకుని పక్కన చోటు చేసింది.

"అలా నిలబడ్డావేం? రా, కూర్చో" అంది.

ఎవరిని పిలుస్తోందా అని ఉడత వెనక్కి తిరిగి చూసింది. వెనక సంచీ పట్టుకుని నేనొక్కదాన్నే ఉన్నాను.

"నన్ను కాదే, నిన్నే" అన్నాను.