ఎనిమిది డ్రిల్లులు, పదహారు టోకెన్లు

మా కంప్యూటర్ సారు పోయారని మా గనుల ఊరు కోరమండల్ నుంచి ఫోను వచ్చేసరికి నేను పట్టుగూళ్ల మార్కెట్టులో ఉన్నాను. తెర మీద వేలం ధరలు తడబడకుండా మారుతున్నాయి. ఏడుపొచ్చింది. వెనకే గర్వమూ వచ్చింది. ఆ ధరలు అలా పరుగెత్తడం ఆయన చలవే.

సారు వాళ్ల నాన్న గనిలో టోకెన్లిచ్చే గుమస్తా. దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల. తిరిగొచ్చి దాన్ని కొక్కేనికి తగిలిస్తేనే మనిషి క్షేమంగా పైకొచ్చినట్టు. అలాంటి బిళ్ల ఒకటి సారు తాళంచెవుల గుత్తిలో ఉండేది. పాఠం కన్నా దాని గలగలే మాకు బాగా గుర్తు.

ఈ మార్కెట్టులో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక ఘనకార్యం చేశాను. ఎన్ని టోకెన్లు దిగితే అంత పని అనుకునే ఊరు మాది. సర్వరు పదహారు ప్రాసెసర్లు చూపిస్తోంది కదా అని, వేలం నడుస్తుండగానే పదహారు రిపోర్టులు ఒక్కసారిగా మొదలుపెట్టాను. డేటాబేస్ నత్తనడక పట్టింది. బూదికోట రైతు ఒకాయన నా మీదికొచ్చాడు.

"ఏమ్మా, గూళ్లు కాచుకోనుంటాయా? పురుగు చిల్లి చేసుకోని బయటికొస్తే ఎవురు కొంటారు?"

ఒక్కో ప్రాసెసర్‌ను రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ తీసేయమన్నాడు మేనేజరు. భయమేసి సారుకు ఫోన్ చేశాను. బస్సెక్కి వచ్చేశారు. బోర్డు మీద ఎనిమిది గుండ్రాలు గీసి, ఒక్కోదానికి రెండేసి బిళ్లలు తగిలించినట్టు బొమ్మ వేశారు.

"డ్రిల్లులు ఎనిమిదే ఉండాయమ్మా. ఒకడు రాళ్లు తీసేదానికి ఆగితే ఇంకొకడు డ్రిల్లు పడతాడు, పని నిలవదు. ఇద్దరూ ఒకేసారి కొట్టల్లంటే యాడయితాది? టోకెన్ల ఊర్లో పుట్టి ఇది తెలీకపోతే ఎట్ల?"

"అయితే తీసేద్దామా సార్?"

"ఊరికే ఎందుకు తీస్తావు? కొలిచి చూడు."

కొలిచాను. రిపోర్టులు ఎడతెగని లెక్కలు. పదహారూ కలిపి నడిపినా, ఎనిమిదేసి నడిపినా ముగిసే వేళలో పెద్ద తేడా లేదు. వేలం మాత్రం డేటా కోసం క్షణక్షణం ఆగే పని. అది జంట టోకెన్లతోనే చురుగ్గా సాగింది. రిపోర్టులను వేలం ముగిసిన తర్వాతకు మార్చి, హైపర్‌థ్రెడింగ్‌ను అలాగే ఉంచాను. గూళ్లు ఆ రోజే అమ్ముడుపోయాయి.

రైతులు సారుకు దండం పెట్టారు.

"నాకెందుకప్పా? తప్పు చేసిందీ ఈ యమ్మే, కొలిచి సరిచేసిందీ ఈ యమ్మే. నా స్టూడెంటు!"

అందరిలో తప్పు బయటపెట్టారని అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆ చివరి మాటే నా ఆస్తి.

ఫోను వచ్చిన సాయంత్రం సారు ఇంటికి వెళ్తే ఆయన భార్య ఆ ఇత్తడి బిళ్ల నా చేతిలో పెట్టారు. "నీకే ఇయ్యమన్నారమ్మా."

మర్నాడు వేలానికి ముందు, ఇన్నేళ్లుగా ఎవరినీ తుడవనివ్వని ఆ బోర్డు పక్కన మేకు కొట్టి, సారు బిళ్లను తగిలించాను.