బొబ్బిలిలో నాన్న విన్న వీణ

డెబ్బైల చివర్లో, నేను ఆరో తరగతిలో ఉండగా, నాన్న నన్ను మల్కాపురం నుంచి బొబ్బిలి కోట చూపించడానికి తీసుకెళ్లాడు. రేవులో ఓడల తుప్పును సుత్తితో రాల్చే పనిలో ఏళ్లు గడిచి, ఆయన చెవులు దాదాపు పోయాయి. ఇంట్లో అందరం ఆయనతో అరిచి మాట్లాడేవాళ్లం.

కోట గోడల కింద నిలబడి, మెడలు నొప్పెట్టేదాకా పైకి చూశాం. పాత యుద్ధం జరిగిన చోట కట్టిన స్తంభాన్ని చూశాక, వీణలు చేసే ఊరు దగ్గరలోనే ఉందని ఎవరో చెబితే నడిచి వెళ్లాం.

అక్కడొక ముసలాయన పనస మొద్దును ఉలితో తొలుస్తున్నాడు. అంత పెద్ద వీణ మొత్తం ఒకే మొద్దులోంచి వస్తుందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన తయారైన వీణ ఒకటి తెచ్చి మీటాడు. నేను నోరు తెరిచి విన్నాను. నాన్న ముఖంలో ఏ మార్పూ లేదు.

"మా నాన్నకి ఇనపడదండి," అన్నాను.

ముసలాయన నాన్న చెయ్యి పట్టుకుని వీణకు చివరనున్న గుండ్రటి కుండ మీద ఆనించాడు. "ఇప్పుడు సూడు బాబూ," అంటూ మళ్లీ మీటాడు.

నాన్న ఉలిక్కిపడ్డాడు. "ఇదేటిది! సేతిలోకొచ్చేత్తంది!" అని గట్టిగా అరిచాడు. తర్వాత వంగి, ఆ చెక్కకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. ముసలాయన ఉలి పక్కన పెట్టి, చాలాసేపు వాయిస్తూనే ఉన్నాడు. ఒక మనిషి అంత ఇదిగా వినడం నేనెప్పుడూ చూడలేదు.

మా రైలు వెళ్లిపోయింది. బస్సులో ఇంటికొచ్చేదాకా నాన్న తన అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.