రాజోలు చూసిన కొంగ సినిమా

రాహేలు టీచరుతో బస్సులో వాదన పెట్టుకున్నవాడు తన ఊరు రాకముందే దిగిపోతాడని కండక్టరు నూకరాజు అనేవాడు. ఊరికే అన్న మాట కాదది. గన్నవరానికి టిక్కెట్టు తీసుకున్న పెద్దమనిషి ఒకాయన, చేపల పులుసులో మామిడికాయ వేయాలా చింతపండు పొయ్యాలా అన్న దగ్గర ఆమెతో తలపడి, తాటిపాకలోనే దిగిపోయి వెనక బస్సు కోసం నిలబడడం అతను కళ్ళారా చూశాడు.

టీచరుకు నలభై దాటాయి. మిషన్ బడిలో చదువుకుని, ట్రైనింగు అయ్యి, అంబాజీపేటలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. ఇల్లు రాజోల్లో. పొద్దున్నే మొదటి బస్సు, డ్రైవరు వెనక రెండో సీటు, ఒళ్ళో గొడుగు, పక్కన టిఫిను క్యారియరు. బైబిలు విషయంలో పాస్టరుగారి మాట దాటేది కాదు. మిగతా ప్రపంచం మీద మాత్రం తీర్పు ఆమెదే. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారని ఎవరైనా దెప్పితే, "నా కుందేలుకి నాలుగేనండీ, మీరే సరిగ్గా చూసుకోలేదు" అనేది. ఆ ధీమాకు బస్సంతా నవ్వేది. ఆమె కూడా నవ్వేది, ఓడి కాదు, గెలిచి.

అలాంటి మనిషికి సరిజోడు ఎనభై నాలుగులో దొరికాడు. తాటిపాక కొబ్బరితోటల వాళ్ళబ్బాయి గంగాధర్ హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చి అమలాపురంలో బ్యాంకు ఉద్యోగంలో చేరి, రోజూ అదే బస్సు ఎక్కేవాడు. సినిమాల పిచ్చి. నలుగురు స్నేహితుల్ని పోగేసి ఫిలిం సొసైటీ అని ఒకటి పెట్టాడు. నెలకో ఆదివారం ఒక కల్యాణమండపం అద్దెకు తీసుకుని, ఎక్కడెక్కడి దేశాల సినిమాలనో తెప్పించి ఆడించేవాడు. కుర్రాడు మహా మర్యాదస్థుడు. ఎంత కాదనాలన్నా ముందు "ఆయ్, నిజమేనండీ" అని, తర్వాతే కాదనేవాడు.

ప్రపంచంలో ఇప్పటిదాకా బొమ్మలు గీసి తీసిన సినిమాల్లో మేటివి ఏవో తేల్చి, ఏడాది పొడుగునా అవే వెయ్యాలనుకుంటున్నానని అతను ఒకరోజు బస్సులో నోరు జారాడు. ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది. ఆస్పత్రి నర్సు అమ్మాజీ, ఎలుగుబంటి వంట చేసే సినిమాను మించింది లేదంది. సినిమాకు ముందు న్యూస్ రీలు వెంట వేసే ప్రభుత్వం వారి కార్టూనే గొప్పదని, అది చూస్తూ ఇంతవరకూ ఎవరికీ నిద్ర పట్టలేదని, ఎందుకంటే అంత సేపు ఉండదని నూకరాజు చెప్పాడు. గంగాధర్ లెక్కలో మొదటి స్థానం, రంగులే లేకుండా ఉత్త గీతలతో నడిచే ఒక ముసలి పడవవాడి సినిమాది.

టీచరు అందరి మాటలూ ఓపిగ్గా విని, గొడుగు కొస బస్సు చెక్క మీద టకటకలాడించి, అన్నింటికీ పైన కొంగ సినిమా అని తేల్చేసింది. కింద ఏవి పెట్టుకుంటారో మీ ఇష్టం అంది.

ఆ సినిమా డెబ్బై నాలుగులో రాజోల్లో ఆదివారం పదకొండు గంటల ఆటగా వచ్చింది. పేరేమిటో, ఏ దేశపుదో ఎవరికీ గుర్తు లేదు. పోస్టరు మీద కొంగ ఉంది కనుక కొంగ సినిమా. మాటలు లేవు, సంగీతమే. మంచుదేశంలో ఒక తల్లి కొంగ, దానికొక పిల్ల. తుపానులో తల్లి ఏటిలో పడి కొట్టుకుపోతుంది. పిల్ల ఒక్కతే ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటుంది. అంతలో ఆకాశంలో నుంచి తల్లి దిగుతుంది, ముక్కున చేపతో. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్తుంది.

చచ్చిన తల్లి బతికి రావడం చవకబారు ఎత్తుగడ కదండీ అన్నాడు గంగాధర్, ముందు ఆయ్ అని.

టీచరు అతన్ని జాలిగా చూసింది. అసలు సంగతి అక్కడే ఉందని చెప్పింది. తుపానులో పిల్లకు రెక్కలొచ్చి ఉంటాయి, ఎదిగిన పిల్ల. తల్లి తిరిగొచ్చేసరికి అదే పిల్ల ఇంత చిన్నదైపోతుంది, ఒంటి మీద నూగే. ఎందుకయిందో సినిమాలో ఎవరూ చెప్పరు. చెప్పనక్కర్లేదు. తల్లి దగ్గర ఎంత పిల్లైనా చిన్నదే. ఆ ఒక్క మాట బొమ్మల్లో చెప్పినవాణ్ణి మించినవాణ్ణి చూపించండి, అప్పుడు మీ పడవ సంగతి మాట్లాడుకుందాం అంది.

 గంగాధర్ ఆయ్ అన్నాడు గాని, ఈసారి దాని తర్వాత ఇంకేమీ అనలేదు.

ఆ మాట టీచరు అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం వాదనలో గెలవడం కాదు. ఆ డెబ్బై నాలుగు వానాకాలంలోనే చెల్లెలు దీనమ్మ కామెర్లతో పోయింది. దీనమ్మ కూతురు పుష్పలతకు ఆరేళ్ళు. తండ్రి కాకినాడలో లాంచీ మీద పని, పిల్లను తెచ్చి టీచరు దగ్గర దింపి వెళ్ళాడు. పిల్ల ఏడవలేదు. మాట్లాడలేదు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని అలాగే ఉండేది. తాలూకా మొత్తానికీ సరిపోయే నోరున్న రాహేలుకు ఆ పసిదానికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. 

చర్చి నుంచి వస్తూ ఆ పోస్టరు చూసి, పిల్లను చంకనేసుకుని హాల్లోకి నడిచింది. ఆదివారం పూట సినిమా ఏంటమ్మా అని ఎవరో ముక్కున వేలేసుకుంటే, కొంగను చేసిందీ దేవుడేనండీ అని ముందుకు సాగింది. అప్పట్లో రాజోలుకూ తాటిపాకకూ కలిపి ఒకటే ప్రింటు వచ్చేది. తాటిపాకలో ఆట ముందు మొదలయ్యేది. అక్కడ ఆడేసిన రీళ్ళను డబ్బాలో పెట్టి సూరయ్య అనేవాడు సైకిలు మీద రాజోలు తెచ్చేవాడు. ఆ రోజు మొదటి రీలు అయిపోయినా సూరయ్య రాలేదు. జనం ఈలలు, బెంచీల మీద చరుపులు. టైరు పంక్చరైందని సైకిలు నడిపించుకుంటూ, మిగతా రెండు రీళ్ళ డబ్బాలూ ఒకేసారి పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆ తొక్కిడిలో ఏ డబ్బా ముందు ఎక్కించారో ఎవరు చూశారు?

ఆట నడుస్తూ ఉండగా పక్కన పిల్ల కదిలింది. "పెద్దమ్మా, పిల్ల చిన్నదైపోయింది" అంది. తల్లి పోయాక అది మాట్లాడిన మొదటి మాట. తల్లి దగ్గర ఎంత పిల్లైనా చిన్నదేనమ్మా అని రాహేలు నోటికొచ్చింది చెప్పేసింది. పుష్ప ముడుచుకుని పెద్దమ్మ ఒళ్ళో ఒదిగింది. ఇంటికెళ్ళి అన్నం తింది. ఆనాటి నుంచి రాహేలు ఇంట్లో పిల్ల పెరిగింది, వాదన కూడా పెరిగింది. కొంగ సినిమాను ఎవరు తక్కువ చేసినా ఆమెకు తన ఇంటి గోడ ఎవరో గునపంతో పొడిచినట్టుండేది.

ఒకరిద్దరు తాటిపాకవాళ్ళు, మేం చూసిందాన్లో తల్లి తిరిగి రాలేదండీ అనకపోలేదు. మీ హాలువాళ్ళు రీలు కోసేసి ఉంటారు అని వాళ్ళ నోరు మూయించింది.

గంగాధర్ ఊరుకునే రకం కాదు. ఆ పిల్ల చిన్నదవడం అతని బుర్రలో పడి తొలిచేసింది. హైదరాబాదులో తెలిసినవాళ్ళందరినీ కదిపి, కథ చెప్పి, వాకబు చేసి, ఏడాది తిరిగేసరికి ఆ సినిమా పట్టుకున్నాడు. అమలాపురంలో ఆదివారం పొద్దున ఆట అని బస్సులో ప్రకటించాడు. టీచరు ఆనందానికి హద్దు లేదు. ఎదురొచ్చిన వాళ్ళందరినీ రమ్మంది. ఆ సినిమా నేను చెప్పినట్టు లేకపోతే ఈ జన్మలో సినిమా మాట ఎత్తను అని నూకరాజు సాక్షిగా ఒట్టేసింది.

పుష్పలత అప్పటికి అమలాపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. పెద్దమ్మ కంటే జానెడు పొడుగు. ఇద్దరూ మొదటి వరసలో కూర్చున్నారు. వాళ్ళ వెనక వరసల్లో బస్సు జనం సగం మంది వచ్చి కూర్చున్నారు.

మొదటి రీలు ఆమెకు గుర్తున్నట్టే నడిచింది. రెండో రీలు మొదలవగానే ఆకాశంలో నుంచి తల్లి కొంగ దిగింది, ముక్కున చేపతో. నూగు పిల్ల పరుగెత్తింది.

ఇదేమిటి, తుపాను లేకుండానే వచ్చేసింది అనుకుంది టీచరు.  పంక్చరైన సైకిలు, రెండు డబ్బాలు, ఈలలు, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పిల్ల చిన్నదవలేదు. చిన్న పిల్లను ముందే చూడవలసింది, వెనక చూశారు. తాటిపాకవాళ్ళే రైటు. ఇక తుపాను వస్తుంది, తల్లి పోతుంది, అంతే. మళ్ళీ రాదు.

ఓటమి సంగతి తర్వాత, పక్కన పుష్ప ఉంది. ఆ ఒక్క అబద్ధం మీద తను పెంచిన పిల్ల. పదకొండేళ్ళ కిందట హాల్లో మాట తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు ఇక్కడ కూర్చుని తల్లి రాదని చూడబోతోంది. రాహేలు టీచరు జన్మలో మొదటిసారి వాదన మధ్యలో లేచిపోవాలనుకుంది. తలనొప్పిగా ఉందని, వెళ్ళిపోదాం పదమని పుష్ప చెయ్యి పట్టుకు లాగింది.

"కూర్చో పెద్దమ్మా," అంది పుష్ప మెల్లిగా. "నాకు తెల్సు."

"ఏం తెల్సే?"

"తల్లి రాదు. మూడో క్లాసులో తాటిపాక పిల్లలు చెప్పేరు. వాళ్ళతో జుట్టూ జుట్టూ పట్టుకున్నాను కూడా."

 ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది టీచరు.

"ఎందుకు చెప్తాను?" అంది పుష్ప. "పిల్ల చిన్నదవడం సినిమాలో లేదు పెద్దమ్మా. ఆ బొమ్మలేసినవాళ్ళకి ఆ ఊసే తెలీదు. తల్లి దగ్గర ఎంత పిల్లైనా చిన్నదేనని నువ్వన్నావు. నేను అన్నం తిన్నది కొంగని చూసి కాదు."

తెర మీద తుపాను వచ్చింది. తల్లి కొట్టుకుపోయింది. పిల్ల ఒక్కతే ఒడ్డున చివరిదాకా నిలబడే ఉంది. టీచరు చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది కొంగ కోసం కాదు, పక్కన కూర్చున్న పిల్ల కోసం.

దీపాలు వెలిగాయి. బస్సు జనం గుసగుసలు మొదలుపెట్టారు. గంగాధర్ ముందుకొచ్చి, గెలిచినవాడి మొహం పెట్టుకోవడం చేతగాక, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. సినిమా బాగుందండీ, కాకపోతే టీచరుగారు చెప్పింది మరి కనపడలేదండీ అని నసిగాడు.

టీచరు లేచింది. గొడుగు నేలకు ఆనించి జనం వైపు తిరిగింది. కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది: తల్లి రాలేదు, ఒప్పుకుంటున్నాను. ఆనాడు రాజోల్లో మూడో రీలు ముందు వేసి రెండోది వెనక వేశారు. తాటిపాకవాళ్ళను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నూకరాజు అప్పుడే మొహం వేలాడేశాడు, రేపటి నుంచి బస్సు మూగబోతుందని.

"అయితే ఒక మాటండీ, గంగాధర్ గారూ," అంది. "మీరు చూపించింది బొమ్మలేసినవాళ్ళ సినిమా. మేం చూసింది రాజోలు సినిమా. ఆ రెండూ ఒకటి కాదు. నేను మొదటి స్థానం ఇచ్చింది రాజోలు దానికి. అదింకా అక్కడే ఉంది. మీరు తెచ్చిందానికి రెండోది ఇస్తాను, పట్టుకెళ్ళండి."

జనం గొల్లుమన్నారు. గంగాధర్ కూడా నవ్వాడు. కాకి పిల్ల కాకికి ముద్దండీ అన్నాడు. కాకి కాదు కొంగ అని దిద్దింది టీచరు. అతను నవ్వు ఆపుకుని, ఆ రాజోలు సినిమా నేను చూళ్ళేదు కదండీ, చూపిస్తే గాని స్థానం ఎలా ఒప్పుకుంటాను అన్నాడు. వెనక్కి తిరిగి, ప్రొజెక్టరు నడిపేవాడితో మూడో రీలు ఎక్కించి దాని వెంట రెండోది వెయ్యమని చెప్పాడు. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు.

దీపాలు ఆరిపోయాయి. తుపాను వచ్చింది, తల్లి పోయింది, రెక్కలొచ్చిన పిల్ల ఒడ్డున ఒంటరిగా నిలబడింది. రీలు మార్చేటంతసేపు తెర తెల్లగా ఉంది.  అప్పుడు తల్లి దిగింది, ముక్కున చేపతో.

"ఆయ్," అన్నాడు చీకట్లో గంగాధర్. తర్వాత ఏమీ అనలేదు.

టీచరు తెర వైపు చూడలేదు. తనకంటే జానెడు పొడుగున్న పిల్ల కుర్చీలో కిందికి జారుతోంది. మోకాళ్ళు ముడుచుకుని, ఇంకా జారి, తల సరిగ్గా పెద్దమ్మ భుజం కిందికి వచ్చేదాకా జారి ఆగింది. రాహేలు టీచరు చెంగు తీసి ఆ పిల్ల మీద కప్పింది.