రెండు గంటల పొగ

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులనుకునేరు. డిగ్రీ అయిపోయి, ఫోనులో ఉద్యోగాలు వెతుక్కుంటూ పలాసలో ఇంటి పట్టున ఉన్న రోజులు, అంతే. మా ఊరి వాతావరణం సంగతి ఏం చెప్పమంటారు. వేసవిలో ఉక్కకి పొద్దున కట్టుకున్న బట్ట మధ్యాహ్నానికి పిండుకోవాలి. వానలైపోయాయి అనుకునే వేళకి తుపాను హెచ్చరిక. అది వచ్చేదాకా భయం, వచ్చాక వారం కరెంటుండదు. పోనీ చలికాలం హాయి కదా అంటే, మంచు కమ్మేసి, జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగ పైకి లేవకుండా మా వీధిలోనే తిష్ఠ వేస్తుంది. ఆరేసిన తెల్ల దుప్పటి సాయంత్రానికి బూడిద రంగు. తిట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న ఆ గాలి మీదే నాకు ఉద్యోగం వచ్చింది.

కాలుష్యం చూసే ఆఫీసు వాళ్లు, గాలిలో పొగ ఎంతుందో కొలిచే మిషను ఒకటి ఇస్తారు. దాన్ని ఎత్తయిన చోట పెట్టి, గంటగంటకీ అది చూపించే అంకె ఫోనులో పంపాలి. మూడు నెలలు సరిగ్గా చేస్తే పర్మనెంటు. నేను దాన్ని మా డాబా మీదే పెట్టేసి, ఎండ తగలకుండా పైన రేకు కూడా కప్పించాను. మొదటి రెండు వారాలూ అంకెలు బుద్ధిగానే ఉన్నాయి. ఆ తర్వాత మొదలైంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి అంకె ఒక్కసారిగా ఎగిరిపోయేది, మూడింటికి మళ్లీ దిగేది. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. మా వీధి చివరి బట్టీలో భోజనాలయ్యాక రెండో వాయి జీడిపిక్కలు వేస్తున్నారు, ఈ పొగ అదే అని తేల్చేశాను. ఆ బట్టీలోనే మా అమ్మ పప్పు ఒలిచేది. మా ఇల్లు నడిచేదీ ఆ పని మీదే.

"అమ్మా, మజ్జానం మళ్లీ పిక్కలేత్తారా?" అని అడిగాను.

"నాను పప్పు ఒలుసుకుంతానా, పొగగొట్టం సూసుకుంతానా?" అంది.

అది జవాబు కాదని అప్పుడైనా తెలియాలి నాకు. తెలియలేదు. రెండు పేజీల రిపోర్టు రాసి పంపాను (అందులో 'నిస్సందేహంగా' అనే మాట నాలుగుసార్లు వాడాను). నాలుగో రోజున, తనిఖీ అయ్యేదాకా బట్టీ ఆపమన్నారు. పని లేక ఆడాళ్లందరూ అరుగుల మీద కూర్చుని, నేను వీధిలోంచి వెళ్తుంటే మాటలు ఆపేసేవారు. అమ్మ అన్నం పెట్టేది గాని కంచం కింద పెట్టే చప్పుడులోనే ఉండేది సంగతంతా.

"సెప్పు, రేపు పొయ్యి మీద ఏటెట్టమంతావు, నీ రిపోర్టా?" అంది, బట్టీ ఆగిన మూడో రోజున.

ఆ మర్నాడే ఆఫీసు నుంచి మా సారు వచ్చారు. వస్తూనే, "బట్టీ ఆపేశారు కదమ్మా, మరి మీ మిషను ఇంకా రెండింటికి ఎగురుతోందేమిటి?" అన్నారు. రిపోర్టు పంపిన దగ్గర్నించీ నేను అంకెలు పంపుతున్నానే గాని, వాటికేసి సరిగ్గా చూసిందే లేదు. సరిగ్గా రెండు కావస్తోంది. ఇద్దరం డాబా ఎక్కాం.

రేకు కింద, మిషనుకి ఎదురుగా, చల్లగా మా నాన్నమ్మ కూర్చుని ఉంది. అడ్డపొగ తాగుతోంది. మా వైపు పెద్దవయసు ఆడాళ్లకి అలవాటే, చుట్ట వెలిగించి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆవిడ పీల్చి, పొగ తీరిగ్గా మిషను మొహాన వదిలింది.

"ఇక్కడేటి సేత్తన్నావు నాన్నమ్మా?" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువ.

"నువ్వే కదేటే, ఇంట్లో పొగ తాగితే గాలి పాడైపోద్ది, బయటికెళ్లి తాగమన్నావు. అన్నం తిన్నాక ఇక్కడికొత్తన్నాను. నీడ బాగుంది" అంది.

సారు నవ్వలేదు. మిషను విప్పి సంచిలో పెట్టుకున్నారు. నా పర్మనెంటు ఉద్యోగం కూడా ఆ సంచిలోనే వెళ్లిపోయింది. మర్నాడు బట్టీ తెరిచారు. అమ్మ పొద్దున్నే క్యారేజీ సర్దుకుని, నాలుగైదు రోజుల తర్వాత మొదటిసారి నాతో నవ్వుతూ మాట్లాడి వెళ్లింది. సాయంత్రం వచ్చి గుమ్మంలో కూలబడి, మాట అందనంతగా దగ్గింది. నేను మంచినీళ్లు ఇస్తుంటే నాన్నమ్మ అంది: "ఆ మిసనేదో బట్టీలో మీ అమ్మ కూకున్న కాడ ఎట్టాల్సింది."

ఇప్పటికీ ఆ రిపోర్టు గుర్తొస్తే, అంత ధీమాగా రాసిన ఆ పిల్ల మీద ఒళ్లు మండుతుంది, ఆ వెంటనే నవ్వూ వస్తుంది. అమ్మ కూడా నవ్వుతుంది గాని, నవ్వితే దగ్గొస్తుందని ఆ కథ ఆవిడ ముందు చెప్పడం మానేశాను.