టంగుమనే హెల్మెట్

హనుమంతరాయుడు హెల్మెట్ లేకుండా గడప దాటడు. ఇందులో వింతేముంది, జాగ్రత్త గల మనిషి అనుకుంటారేమో. ఆయనకు మోటారు సైకిలు లేదు. మామూలు సైకిలు కూడా లేదు. ఎద్దుల బండి ఒకటి ఉండేది గానీ ఒక కరువు ఏడాది ఎద్దులతో పాటు అదీ పోయింది. కాలినడకన తిరిగే మనిషికి తలమీద ఎర్రటి హెల్మెట్, గడ్డం కింద బిగించిన పట్టీ. శెనక్కాయ చేలో కలుపు తీసేటప్పుడూ అదే, పెళ్ళి పంక్తిలో కూర్చున్నప్పుడూ అదే. అద్దం పైకెత్తి ఓళిగ ముక్క లోపలికి పంపి, మళ్ళీ అద్దం దించుకుని తీరిగ్గా నమిలేవాడు.

"ఏమప్పా, అన్నం నెత్తిమీద పడుతుందనా?" అని వడ్డించేవాళ్ళు అడిగేవాళ్ళు.

"గాలికాలం. పందిరి గుంజను నమ్మేకయితాదా?" అనేవాడు లోపలినుంచి.

గార్లదిన్నె చుట్టుపక్కల ఆషాఢం గాలి సంగతి తెలిసినవాళ్ళు ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేరు. అక్కడ వాన రావడానికి మొహమాటపడుతుంది గానీ గాలికి ఆ మొహమాటం లేదు. ఇంటికప్పు రేకులు ఎగిరిపోకుండా వాటిమీద బండరాళ్ళు పెడతారు. ఒక్కోసారి రేకు, రాయి రెండూ కలిసి బయలుదేరుతాయి. అలా ఒక ఆషాఢంలో ఎవరింటిదో రేకు ఒకటి లేచి వచ్చి, బీడీ ముట్టించుకుంటున్న హనుమంతరాయుడి ముందు జానెడు దూరంలో దిగబడింది. ఇంకొకరైతే దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఈయన బీడీ పారేసి, అనంతపురం బస్సెక్కి, హెల్మెట్ కొనుక్కుని వచ్చాడు.

హెల్మెట్‌లో తల దూరాక ఆయనకు బయటి మాట వినిపించదు. అందుకని ఊళ్ళో ఎవరికి ఆయనతో పనిపడినా వెనకనుంచి వచ్చి హెల్మెట్ మీద వేలితో కొట్టేవాళ్ళు. అది టంగుమనేది. "లోపలెవరైనా ఉండారా?" అని అడిగేవాళ్ళు. ఈ హాస్యానికి వయసు మీరినా ఊరు దాన్ని వదల్లేదు. భార్య ఈశ్వరమ్మ అయితే అన్నానికి పిలవడానికి గరిటె వాడేది. ఆ టంగుమనే శబ్దం వీధి చివరిదాకా వినిపించి, పక్కింటివాళ్ళు కూడా కాళ్ళు కడుక్కునేవాళ్ళు.

తన తల ఒక్కటే అయితే ఊరు సర్దుకుపోయేది. ఆయనకు అందరి తలలూ కావాలి. అనంతపురంలో పోలీసులు పట్టుకుంటున్నారని ఒక ఏడాది ఊళ్ళో బండ్లున్నవాళ్ళందరూ రోడ్డు పక్కన చవక హెల్మెట్లు కొన్నారు. పోలీసులు మరిచిపోగానే వీళ్ళూ మరిచిపోయారు. రంగన్న దాన్లో ఉప్పు పోశాడు. తిప్పమ్మ ఉలవలు కొలిచింది. మారెక్క ఇంట్లో పెట్ట అందులో పొదిగింది. హనుమంతరాయుడు ఇంటింటికీ తిరిగి వాటన్నిటినీ పోగుచేశాడు. మారెక్క ఇంటికి మాత్రం కోడిపిల్లలు లేచేదాకా ఆగి వెళ్ళాడు. ఎవరి ట్రాక్టరుకో పూయగా మిగిలిన ఎర్రరంగు అన్నిటికీ పూసి, ఊళ్ళో ఎవరు బండెక్కినా ఎదురుగా వెళ్ళి తలకు తగిలించేవాడు. తగిలించాక మూడు పరీక్షలు. గుమ్మడికాయలా అటూ ఇటూ ఊపడం, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చి లాగడం, చివర నెత్తిమీద ఒక మొట్టికాయ.

సరిగ్గా ఇలాంటి బావ ఉన్న ఇంట్లోకి, రెండువేల ఎనిమిదిలో, ఉగాది పండక్కి, ఈశ్వరమ్మ కడగొట్టు తమ్ముడు జయరాం గోవానుంచి ఒక పెద్ద మూటతో దిగాడు.

జయరాం గోవాలో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో గిన్నెలు కడిగేవాడు. మూటలో ఉన్నది బట్టలు కాదు, గాలిపటం. దొరలెవరో చిరిగిందని పారేసి పోతే కుట్టుకుని తెచ్చుకున్నాడు. వాకిట్లో పరిస్తే వాకిలి చాలలేదు.

"ఇంత పటం యాడ ఎగరేస్తావురా?" అంది ఈశ్వరమ్మ.

"ఇది మనం ఎగరేసేది కాదక్కా. మనల్ని ఎగరేసేది. తాళ్ళు నడుముకు కట్టుకోని, కాళ్ళ కింద పలక పెట్టుకోని నిలబడితే, నీళ్ళమీద గుర్రం మాదిరి లాక్కపోతాది."

"నీళ్ళా?" అంది ఆమె. అలాంటి మాట ఆ ఊళ్ళో విని చాలా కాలమైంది.

జయరాంకు ఆ సంగతి తెలుసు. ఊరి చెరువులో నీళ్ళకు బదులు నెర్రెలిచ్చిన మట్టి, అంచుల్లో కంపచెట్లు ఉన్నాయి. అతను పలకకు చిన్న ట్యూబు చక్రాలు బిగించాడు. "నీళ్ళు లేకుంటే ఏమక్కా, గాలి ఉండాది కదా" అన్నాడు. నిజమే. అనంతపురం జిల్లాలో అడగకుండా దొరికేది అదొక్కటే.

ఆ మర్నాటినుంచి జయరాంకు కాలు నిలవలేదు. ఆకు కదిలితే లేచి నిలబడేవాడు. నిలబడే తినేవాడు. సగం ముద్దలో పరుగెత్తి వెళ్ళి చెరువుకట్ట మీద నిలబడి, గాలి తగ్గిందని తిరిగొచ్చేవాడు. వచ్చి కూర్చోగానే గాలి మళ్ళీ లేచేది. "గాలీ, నా తమ్ముడూ ఒకే చెట్టు కాయలు" అని ఈశ్వరమ్మ విసుక్కునేది.

అతని ఆరాటానికి కారణం ఉంది. బెంగళూరులో కొండలెక్కించే శిబిరాలు నడిపే వీరప్ప అనే ఆయన ఈ సంగతి విని, ఆ పక్క అందరూ గాలిపటాలు ఎగరేసే తొలి ఏకాదశినాడు వచ్చి చూస్తానన్నాడు. గాలీ, నేలా, మనిషీ నచ్చితే ఆ చెరువులోనే నేర్పే చోటు ఒకటి పెట్టి, జయరాంను అక్కడే ఉంచుతానన్నాడు. నచ్చకపోతే జయరాం మళ్ళీ గోవాకు, గిన్నెల దగ్గరికి పోవాలి. ఆ మురికినీళ్ళలో మళ్ళీ చేతులు పెట్టడం అతనికి ఇష్టం లేదు. తన ఊళ్ళో, తన గాలిలో నిలబడి బతకాలని అతని ఆశ. ఆ ఆశకు అడ్డంగా బావ నిలబడి ఉన్నాడు, చేతిలో చేటతో.

చేట ఎందుకంటే, హనుమంతరాయుడికి గాలి సంగతి తూర్పారబట్టడం ద్వారానే తెలుసు. కళ్ళంలో గింజ కాళ్ళ దగ్గర పడి పొట్టు పక్కకు పోతే మంచి గాలి. పొట్టు దిక్కుకొకటి పోతే పాడుగాలి. జయరాం తాళ్ళు కట్టుకోగానే ఈయన చేటెడు శెనక్కాయ పొట్టు ఎత్తి వదిలేవాడు. వదిలి, తల ఊపేవాడు. ఆ ఊపు ఎప్పుడూ అడ్డంగానే ఉండేది. తర్వాత హెల్మెట్ మూడు పరీక్షలు. ఆ తర్వాత, ఆపదొస్తే పటాన్ని వదిలేసే కొక్కెం నడుము దగ్గర ఉంటుంది కదా, దాన్ని పదేపదే లాగి చూడడం.

"బావా, నేను గోవాలో చూసినా. దొరలు కూడా ఇంత చెయ్యరు!"

"దొరలు నీళ్ళలో పడతారు. నువ్వు మట్టిలో పడతావు."

ఏకాదశి రానే వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గాలిపటాలు పట్టుకుని చెరువుకట్ట నిండా చేరారు. వీరప్ప జీపులో దిగాడు. సన్నటి మనిషి, తెల్ల టోపీ. దిగగానే చేతి గడియారం చూసి, "సాయంత్రానికి బెంగళూరు చేరాల. తొందర మాడప్పా" అని కన్నడం కలిపి తొందరపెట్టాడు.

జయరాం తాళ్ళు బిగించాడు. హనుమంతరాయుడు పొట్టు వదిలాడు.

"ఆగు. సుడి ఉండాది."

ఆగాడు. బావ మళ్ళీ వదిలాడు. "ఇంగ కొంచెం ఆగు."

"ఎంతసేపు బావా?"

"గాలినడుగు."

మూడోసారి గాలికి చేటే ఎగిరిపోయింది. అది కట్ట మీదివాళ్ళ నెత్తులమీదుగా పోతుంటే జనం ఈలలు వేశారు. హనుమంతరాయుడు ఏమాత్రం కలత చెందకుండా తన హెల్మెట్ తీసి, దాన్లో పొట్టు పోసుకుని పరీక్ష కొనసాగించాడు. ఆయన బోడితలను ఊరు ఎన్నో ఏళ్ళ తర్వాత చూసింది. నున్నగా, తెల్లగా, ఎండ తగలని కాయలా ఉంది. వీరప్ప గడియారం మళ్ళీ చూసుకున్నాడు. అది జయరాం చూశాడు.

"మనం ఈడికి తూర్పార పట్టేకి వచ్చినామా, పలకెక్కేకి వచ్చినామా?" అని అరిచాడు. బావ చెమట తుడుచుకుంటున్నాడు. కింద రెండు ఎర్ర హెల్మెట్లున్నాయి. జయరాం చేతికందినదాన్ని తీసుకుని నెత్తిన పెట్టుకుని, పట్టీ బిగించి, పటాన్ని లేపాడు.

పటం లేచింది. ఒక్క ఊపుతో పలక కదిలింది. చెరువు మధ్యకు దుమ్ము గీత ఒకటి సాగిపోయింది. కట్టమీద జనం కేకలు వేశారు, వీరప్ప టోపీ చేతిలోకి తీసుకున్నాడు. జయరాంకు గుండె నిండిపోయింది. చెరువు చివర మలుపు తిప్పుకుని, అదే ఊపులో వెనక్కి వస్తున్నాడు. ఎదురుగా బోడితల ఒకటి పరుగెత్తుకొస్తోంది.

హనుమంతరాయుడు పంచె ఎగ్గట్టి, చేతిలో హెల్మెట్ ఊపుకుంటూ, నేరుగా దారికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. జయరాం తిట్టుకుంటూ పటం దించి ఆపాడు.

"ఏమి బావా?"

"హెల్మెట్ మారింది. అది నాది. ఇది పెట్టుకో."

"రెండూ ఒకటే కదా!"

"ఒకటి కాదు. తియ్."

"ఆయప్ప చూస్తాండాడు బావా! నా బతుకు..."

"బతుకు కోసమే. తియ్."

కట్టమీద జనం పగలబడి నవ్వుతున్నారు. జయరాంకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాదిస్తే ఇంకా ఆలస్యమని హెల్మెట్ తీసి ఇచ్చాడు. బావ రెండోది తొడిగాడు. ఊపాడు, పట్టీ కింద రెండు వేళ్ళు దూర్చాడు, మొట్టికాయ వేశాడు. పక్కకు తప్పుకుని తనది తాను తగిలించుకున్నాడు.

జయరాం కోపంతో పటం లేపాడు. గాలికి కూడా కోపం వచ్చినట్టుంది. పలక ఇంతకుముందుకంటే రెట్టింపు వేగంతో తూము వైపు దూసుకుపోయింది. మట్టిలో పూడుకుపోయిన కంపచెట్టు మొద్దు ఒకటి చక్రానికి తగిలింది. పలక ఆగింది, జయరాం ఆగలేదు. గాల్లోనే చెయ్యి కొక్కెం మీదికి పోయి లాగింది. పటం వదిలిపోయింది. అతను పోయి తూము రాతికి తలతో గుద్దుకున్నాడు.

టంగుమనలేదు. ధబ్బుమంది. మెత్తగా, మూట పడినట్టు.

నవ్వులు ఆగిపోయాయి. ఈశ్వరమ్మ కట్టమీదినుంచి కొంగు జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తింది. ఆమె చేరేలోపు జయరాం లేచి కూర్చున్నాడు. మోకాలు చెక్కుకుపోయింది. తల తడుముకున్నాడు. తల ఉంది. హెల్మెట్ మాత్రం రెండుగా చీలి చేతిలోకి వచ్చింది.

లోపల చూశాడు. హెల్మెట్‌తో వచ్చిన మెత్త ఉంది. దానిమీద ఇంకో మెత్త అతికించి ఉంది, పాతది, ఆముదం వాసన కొట్టేది. ఆ ఇంట్లో తలకు ఆముదం రాసుకునేది ఒక్క మనిషే. రెంటికీ కలిపి నీలంరంగు చీరముక్క వేసి చుట్టూ కుట్టి ఉంది.

"నా చీర!" అంది ఈశ్వరమ్మ రొప్పుతూ. "ఉగాదినుంచి ఎతుకుతాండా!"

హనుమంతరాయుడు వచ్చి నిలబడ్డాడు. జయరాం లేచి, బావ గడ్డం కింద పట్టీ విప్పి హెల్మెట్ తీసి చూశాడు. లోపల ఏమీ లేదు. ఒట్టి డిప్ప. మడిచిన తువ్వాలు ఒకటి, దానికంటుకున్న శెనక్కాయ పొట్టు. ఇన్నేళ్ళూ ఊరంతా వేలితో కొట్టి నవ్వుకున్న ఆ టంగు ఎక్కడినుంచి వచ్చేదో అప్పుడు తెలిసింది.

"నీ దాంట్లో మెత్త ఏదీ బావా?"

"అది ఎప్పుడో పీకి పెట్టినా. నీ దాంట్లో సగం ఉండాది. మిగతాది మారెక్క కొడుకు దాంట్లో. వాడు బండి ఊరికే తోలుతాడు."

"మరి నీకు?"

"నేను నడిచేవాణ్ణప్పా. పడినా నా ఎత్తే పడతా. మీరు ఎగిరేవాళ్ళు."

ఈశ్వరమ్మకు ఏడవాలో తిట్టాలో తెలియక తిట్టడమే ఎంచుకుంది. "మెత్త లేని ఉత్త డిప్ప ఎందుకయ్యా నెత్తిన పెట్టుకోని తిరిగేది? ఊరంతా నవ్వుతాంటే చెవుడా నీకు?"

హనుమంతరాయుడు బోడితల గోక్కున్నాడు. "నేను తీసేస్తే వీళ్ళల్లో ఒకడైనా పెట్టుకుంటాడా?" అన్నాడు. "నన్ను చూసి నవ్వుకుంటానే అయినా, పెట్టుకుంటాండారు కదా."

రంగన్న నేలచూపులు చూస్తూ, ఉప్పు పోసిన రోజులు తలచుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు. జయరాంకు బావ కాళ్ళమీద పడాలనిపించింది. మోకాలు వంగలేదు గనక గట్టిగా వాటేసుకున్నాడు.

వీరప్ప చీలిన హెల్మెట్‌ను చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. గడియారం చూడడం మరిచిపోయాడు. "ఎగిరేవాళ్ళు నా దగ్గర చానామంది ఉండారు. పడినోడు లేచి నిలబడల్ల, నాకు అది కావాల. చోటు ఈడనే పెడతా. నీ బామ్మర్ది నేర్పనీ. గేటు కాడ నువ్వు నిలబడు రాయుడూ. నీ మొట్టికాయ పడందే ఒక్కడూ లోపలికి పోగూడదు."

"నాకు కొత్త చేట కావల్ల" అన్నాడు హనుమంతరాయుడు.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ దిండు చింపి దూది తీసింది. నీలం చీర ఎలాగూ పోయింది గనక మొగుడు దాచిన మిగతా దాంట్లోనుంచి ఇంకో ముక్క కత్తిరించి, దూది కూరి, మొగుడి హెల్మెట్ లోపల దట్టంగా కుట్టింది. కుడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. జయరాం పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చాడు. అతను ఒకచోట అంతసేపు కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

మర్నాడు అన్నం వేళకు ఈశ్వరమ్మ అలవాటుగా గరిటె తీసుకుని వెళ్ళి కొట్టింది. ధబ్బుమంది. మళ్ళీ కొట్టింది. హనుమంతరాయుడు కదల్లేదు. కట్టవైపు చూస్తూ హాయిగా కూర్చున్నాడు. ఇక చేసేదిలేక ఆమె చుట్టూ తిరిగి ముందుకు వచ్చి, అద్దం పైకెత్తి, ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"లోపలెవరైనా ఉండారా?"

"ఉండాడు" అన్నాడు ఆయన. "వెచ్చగా ఉండాడు."