మెయిన్ మీది బిళ్ళ

ఎవరింట్లో వైరు పట్టినా మునిశంకర్ ముందు మెయిన్ స్విచ్ ఆపి, దాని పిడికి ఒక ఇత్తడి బిళ్ళ తగిలిస్తాడు. వాళ్ళ నాన్న గనిలోకి దిగినప్పుడల్లా, లోపల మనిషి ఉన్నాడని గుర్తుగా పైన బోర్డుకు వేలాడిన బిళ్ళ అది. గని మూతపడి ఇన్నేళ్ళయినా దాని మీద నంబరు చెరగలేదు. దాన్ని తగిలించిన తనే తీయాలి, ఇంకెవరూ తీయకూడదు. అంతవరకూ స్విచ్ ముట్టుకోవద్దని ఇంటివాళ్ళకు మూడుసార్లు చెబుతాడు. రాబర్ట్‌సన్‌పేటలో రిటైరైన గుమాస్తా గుండూరావుకూ ఆ ముసురు పొద్దున అలాగే చెబితే, ఆయన నవ్వాడు.

స్నానాలగదిలో గీజరు వైర్లు ఊడదీసి ఉండగా వీధిలో విజిల్ మోగింది. మునిశంకర్ పరుగెత్తి వచ్చేసరికే అతని వ్యానుకు ఫైను రాసేసిన పోలీసు, చీటీ అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మునిశంకర్ గుమ్మంలోకొచ్చిన గుండూరావు వైపు తిరిగాడు. “మీరు నిలపమన్న తావే కదా సార్ నిలిపినాను. సగమన్నా మీరు పెట్టుకోండప్పా.” “బండి నీది, ఫైనూ నీదే.” “నేను సందులో పెడతానంటే, ఈడే పెట్టు అని మీరే అంటిరి కదా?” వీధిలో నలుగురు ఆగి చూస్తున్నారు. గుండూరావు మొహం జేవురించింది. విసవిసా లోపలికి వెళ్ళి, పనిముట్ల సంచీ తెచ్చి మెట్టు మీద పడేశాడు. దాని మీదికి బిళ్ళ విసిరాడు. “తీసుకపో. ఇంగ నీ పని వద్దు నాకు.” మునిశంకర్ బిళ్ళ అందుకుని తలెత్తాడు. ఇందాక మెయిన్ ఆపగానే ఆరిపోయిన గుమ్మం బల్బు వెలుగుతోంది. లోపలినుంచి ఆయన భార్య నాగరత్న గొంతు వినబడింది. “ఆయప్ప పోయినాడా? అయితే నేను నీళ్ళు పోసుకుంటాను.” ఆ వెంటే స్నానాలగది గడియ పడింది.