‘ఆగు’ అని వచ్చిన చీటీ

శనివారం పొద్దున్నే విశాఖపట్నంలో రైలెక్కాను. రిజర్వేషన్ లేదు, జనరల్ పెట్టెలోనే. రావులపాలెం దగ్గర పల్లెలో ఉండే మా తమ్ముడు దానియేలు ముందు రోజు ఫోన్ చేసి, "కాలు కాస్త నల్లబడిందక్కా, కంగారేం లేదు" అన్నాడు. వాడు కంగారేం లేదన్నాడంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. ఇందులో పేర్లు మార్చి రాస్తున్నాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

వాడికి షుగరు. అరటి మార్కెట్లో గెలలు ఎక్కిస్తుంటే పాదంలో మేకు దిగింది. పుండు మానలేదు. రాజమండ్రి డాక్టరుగారు చూసి, రెండు వేళ్ళు తీసెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దన్నారు. ఆపరేషన్ అయిపోయి ఉంటుందని ఆ ఫోన్ వచ్చేదాకా నేననుకున్నాను. కాలేదట. చీటీ ‘ఆగు’ అని వచ్చిందట.

తెలియనివాళ్ళకి చెబుతాను. మా క్రైస్తవుల్లో కొందరి ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ఏ సంగతీ తేలనప్పుడు రెండు చీట్లు రాసి, మడిచి, బైబిల్లో పెట్టి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసి, ఒకటి తీస్తారు. ఏది వస్తే అదే దేవుడి జవాబు. మా తమ్ముడు ఇంటిస్థలం కొన్నదీ, కూతుర్ని కాలేజీలో చేర్పించిందీ ఇలాగే. ఆ రెండూ చక్కగా కుదిరాయి. అదే వాళ్ళ కొంప ముంచింది.

తునిలో ఇడ్లీ పొట్లం కొని, ఒకటి తిని, మిగతాది మళ్ళీ మడిచి పెట్టేశాను. ఎదురుగా కూర్చున్న రైతు, సామర్లకోటలో దిగుతాడట, "ఎక్కడిదాకా అండి?" అని మాట కలిపాడు. సంగతి చెప్పాను.

"మేమూ మా ఆవిడ ఆపరేషన్‌కి అమావాస్య వెళ్ళేదాకా ఆగామండి" అన్నాడు.

"మరి ఏమైంది?"

"ఏం కాలేదండి. ఆవిడది ఆగే జబ్బు." కాసేపు కిటికీలోంచి చూసి, "మీ తమ్ముడుగారిది ఆగేదేనంటారా?" అన్నాడు.

పదింటికల్లా రాజమండ్రిలో దిగి, ఆటోలో బస్సుల కాంప్లెక్సుకి వెళ్ళాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒక మాట. రావులపాలెం బస్సులకి లోటు లేదు, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది, ఎండలో పరిగెత్తక్కర్లేదు. నేను మాత్రం పరిగెత్తాను. కడియం నర్సరీలు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి బస్సులో సగంమంది నిద్రపోతున్నారు. నేను ఏరు చూస్తూ, వాడితో ఏం మాట్లాడాలో లోపల్లోపల పాఠంలా వల్లించుకున్నాను.

రావులపాలెం నుంచి కాలవ గట్టు మీద షేర్ ఆటో. ఇల్లు చేరేసరికి వసారాలో చాపలు పరిచి ఉన్నాయి, ఉపవాస ప్రార్థన జరుగుతోంది. మా మరదలు కరుణ ఎదురొచ్చి, "రండి వదినగారు, కాళ్ళు కడుక్కోండి" అంది. మనిషి చిక్కి సగమైంది. లోపల దానియేలు మంచం మీద ఉన్నాడు, కాలి మీద తువ్వాలు కప్పి ఉంది. అగరుబత్తీ వెలిగించని ఇంట్లో ఆ పుండు వాసన ఏ మూలా దాగలేదు. తువ్వాలు తీసి చూశాను. నలుపు చీలమండ దాటింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వసారాలోకి వచ్చి, ప్రార్థన నడిపిస్తున్న పాస్టరుగారిని నిలదీశాను. ఆయన తల వంచుకుని, "నేను ఆసుపత్రికి వెళ్ళమనే చెప్పానండి. చీటీ వచ్చాక దేవుడి మాటకి ఎదురెలా చెప్పనండి?" అన్నారు. చెడ్డమనిషి కాదు. ఆయన చెడ్డవాడైతే తిట్టిపోసేదాన్ని.

మంచం దగ్గరికి తిరిగొచ్చాను. "ఆదివారంతో ఉపవాసం పూర్తవుతుందక్కా. ఈలోగా వెళ్తే విశ్వాసం లేనట్టుంటుంది" అన్నాడు దానియేలు.

"రోజూ షుగరు మాత్ర వేసుకుంటావు కదా, దానికి చీటీ తీస్తున్నావా?"

"దానికెందుకు?"

"దీనికెందుకు మరి? దేవుడు నీకు తలకాయ పెట్టింది ఊరికే దువ్వుకోడానికా? ఆ డాక్టరుగారికి చదువిచ్చింది ఎవరు?"

వాడు నవ్వాడు. అంత జ్వరంలోనూ నవ్వాడు. "నువ్వు మారవే అక్కా. సరే, కారు పిలిపించు" అన్నాడు.

కరుణ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "చీటీ తీసింది నేను వదినగారు. నా చేత్తో తీశాను. దేవుడు ఆగమన్నాడు." ఆమె భుజం పట్టుకుని పక్కకి జరిపాను. మెత్తగా జరపలేదు.

సాయంత్రానికి రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాం. మోకాలి పైదాకా తీసేశారు. ఆపరేషన్ ముగించి వచ్చిన డాక్టరుగారు, నడివయసు ఆవిడ, నన్నొక్కదాన్నే పక్కకి పిలిచారు. "అప్పుడే వచ్చుంటే రెండు వేళ్ళతో పోయేదండి. ఇప్పుడు విషం రక్తంలో కలిసింది" అన్నారు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. ఎదురు హోటల్లోంచి సాంబారన్నం తెచ్చి కరుణ ముందు పెట్టాను, ముట్టుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం దానియేలు పోయాడు. ఆ మర్నాడు ఊరి సమాధుల తోటలో మట్టి చేశాం. అందరూ పిడికెడు మట్టి వేస్తుంటే కరుణ నా దగ్గరికొచ్చి మెల్లగా అంది, "ఆగమన్నాడండి. మీరు ఆగనివ్వలేదు." పక్కనున్నవాళ్ళు విన్నారు. డాక్టరుగారన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. నా తమ్ముణ్ణి చంపినదాన్నని వాళ్ళు నమ్ముతుంటే ఎంత బాధో చెప్పలేను.

బుధవారం తిరుగు ప్రయాణం. అదే బస్సు దారి, రాజమండ్రిలో పన్నెండు దాటాక రైలు. కిటికీ పక్క సీటు దొరికింది. ఈ యాత్ర గురించి ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను: దేవుణ్ణి అడగండి, అడిగి లేచి డాక్టరు దగ్గరికి నడవండి. ఈ పూట కూడా ఎవరో ఒకరి ఇంట్లో చీట్లు మడుస్తూ ఉంటారు, వాళ్ళ కోసమే ఇది రాయడం.

అన్నవరం దాటాక ఫోన్ మోగింది. కరుణ.

"వదినగారు, ఒక్కటి చెప్పండి. నేను ఆ చీటీ తియ్యకుండా అప్పుడే తీసుకెళ్ళుంటే, ఆయన బతికేవారా?"

పెట్టెలో ఎవరో పల్లీలు అమ్ముతున్నారు. నాకు ఆలోచించుకునే వ్యవధి లేదు, మోకాళ్ళూనే చోటూ లేదు.

"లేదమ్మా" అన్నాను. "అప్పటికే చెయ్యి దాటిపోయిందని డాక్టరుగారే చెప్పారు."

అటువైపు ఆమె ఏడవడం మొదలుపెట్టింది, ఊపిరి పీల్చుకున్న మనిషి ఏడుపు. నేను బతుకులో ఇంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. కరుణ మళ్ళీ అడిగినా ఇదే చెబుతాను.